బిడ్డ బాక్సులో ఉంటే... అమ్మానాన్నలు ఎక్కడుండాలి?

నెలలు నిండకుండానే బిడ్డ పుట్టింది. ఏడుపు కూడా సరిగా వినిపించలేదు. పిల్లను గుడ్డలో చుట్టుకుని నర్సమ్మ పరుగున తీసుకెళ్లింది. కాసేపటికి 108 వచ్చింది. "వరంగల్ తీస్కపోవాలె" అన్నారు. పరకాల నుంచి గుడెప్పాడ్ మీదుగా వరంగల్‌కు సుమారు 35 కిలోమీటర్లు. రోజూ బైక్ మీద, బస్సులో పోయొచ్చే దారే. ఆ రాత్రి మాత్రం ఎంతకూ తెగదు.

తెల్లారేసరికి ఇల్లు మూడు ముక్కలై ఉంటుంది. బిడ్డ వరంగల్‌లో, అద్దాల బాక్సులో. తల్లి పరకాలలో, కుట్లతో మంచం మీద. తండ్రి ఈ రెండింటి మధ్య రోడ్డు మీద, చేతిలో ఫోనుతో. ఆ ఫోను మోగుతూనే ఉంటుంది. "పిల్ల ఎట్లుంది? ఎన్ని కిలోలున్నది? ఏమంటున్నరు డాక్టర్లు?" అతని దగ్గర ఒక్కటే జవాబు... "బాక్సుల పెట్టిండ్రు."

ఇది ఏ ఒక్కరి కథో కాదు. మీ అక్కదో, వదినదో, పక్కింటి అన్నదో కావచ్చు. రేపు మీదే కావచ్చు. బాక్సులో ఉన్న బిడ్డకు ఆక్సిజన్ ఉంది, సెలైన్ ఉంది, చూసుకోవడానికి నర్సు ఉంది. మరి ఆ తల్లికి ఎవరున్నారు? తండ్రికి ఎవరున్నారు? ఈ ప్రశ్న అడగడం మనం ఈ మధ్యే మొదలుపెట్టాం. దీనికి జవాబు దొరికిన చోట తల్లిదండ్రులే కాదు, పిల్లలు కూడా బాగుపడుతున్నారు. అందుకే ఈ కథనం.

ఎంతమంది?

37 వారాలు నిండకముందే పుడితే 'నెలలు నిండని బిడ్డ' అంటారు. 32 నుంచి 37 వారాల మధ్య పుట్టేవాళ్లే ఎక్కువ. 28 వారాలకంటే ముందే వచ్చేసే పిల్లలకు ప్రమాదం చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతా కలిపి సుమారు 1 కోటీ 34 లక్షల మంది ఇలా పుట్టారు. పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు అన్నమాట. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు.

అంటే ఇది అరుదైన సంగతి కాదు. మీ ఊళ్లో, మీ వాడలో కచ్చితంగా ఒకరిద్దరుంటారు. కానీ ఎవరూ మాట్లాడరు. పిల్ల పుడితే స్వీట్లు పంచే ఇంట్లో నెలలు నిండకుండా పుడితే తలుపు దగ్గరికేస్తారు. వాట్సాప్ స్టేటస్ పెట్టరు. "బతుకుతదో లేదో, ఎందుకు చెప్పుడు" అనుకుంటారు. ఆ మౌనమే తల్లిని ముందుగా కుంగదీస్తుంది.

"నేనేం తప్పు చేసిన?"

ముందుగా పుట్టిన బిడ్డ తల్లిని కదిలిస్తే మొదట వచ్చే మాట ఇదే. బొప్పాయి తిన్నానేమో. బండి మీద పోయినందుకేమో. బిందె ఎత్తినందుకేమో. గ్రహణం నాడు బయటికొచ్చినందుకేమో. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే మాట తిప్పి తిప్పి అడుగుతారు... "ఏం తిన్నవు? ఎక్కడ తిరిగినవు?"

నిజమేంటంటే కవలలు, బీపీ, షుగర్, ఇన్‌ఫెక్షన్, రక్తహీనత, ఉమ్మనీరు ముందే పోవడం వంటివి కారణాలు కావచ్చు. చాలా కాన్పుల్లో డాక్టర్లకు కూడా ఫలానా కారణమని తేలదు. ఆమె తిన్న ముక్క బొప్పాయికీ, గ్రహణానికీ పిల్ల ముందే పుట్టడంతో సంబంధం లేదు. ఈ మాట ఆ తల్లికి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు, పదిసార్లు చెప్పాలి. డాక్టర్ చెబితే ఇంకా మంచిది. అదీ అత్తమ్మ ముందు చెబితే మరీ మంచిది!

ఇంకో మాట కూడా మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. ఏడో నెల పిల్ల బతుకుతుందట, ఎనిమిదో నెల పిల్ల బతకదట. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ తల్లికి ఈ మాట వినిపిస్తే ఆమె గుండె ఏమవుతుంది? ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఊపిరితిత్తులు ముదురుతాయి, ఒంట్లో కొవ్వు చేరుతుంది, పాలు చప్పరించి మింగడం వస్తుంది. ఏడో నెల బిడ్డకంటే ఎనిమిదో నెల బిడ్డ బతికే అవకాశమే ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా ఈ సామెత ఎత్తితే మెల్లగా ఆపండి.

మనసుకు తగిలే దెబ్బ

బాక్సులో ఉన్న బిడ్డను తొలిసారి చూడటం తేలిక కాదు. కిలో, కిలోంబావు బరువు. పలచటి చర్మం కింద నరాలు కనిపిస్తుంటాయి. ముక్కులో పైపు, పాదానికి వైరు, పక్కన మిషన్. అది ఉన్నట్టుండి 'కీంకీం' అని మోగుతుంది. నర్సు వచ్చి బిడ్డ పాదం మీద వేలితో మెల్లగా తడితే శబ్దం ఆగిపోతుంది. బాగా ముందే పుట్టిన పిల్లలు అప్పుడప్పుడూ ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు, తడితే మళ్లీ తీసుకుంటారు. ఇది డాక్టర్లకు తెలిసిన సంగతి. తల్లికి తెలియదు. ఆ శబ్దం విన్న ప్రతిసారీ ఆమెకు ప్రాణం పోయి వచ్చినట్టుంటుంది.

ఇలాంటి తల్లిదండ్రుల ఒత్తిడిని కొలవడానికి అమెరికాలో మార్గరెట్ మైల్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1993 నుంచి చాలా దేశాల్లో దాన్ని వాడుతున్నారు. వార్డు శబ్దాలు, బిడ్డ రూపం, తల్లిదండ్రులుగా తమ పాత్ర... ఈ మూడింటిలో ఏది ఎక్కువ బాధపెడుతోందని అడుగుతారు. మిషన్లు, వైర్లే అనుకుంటాం కదా? కాదు. "నా బిడ్డకు నేను ఏమీ చేయలేకపోతున్నా" అన్నదే చాలా అధ్యయనాల్లో మొదటి స్థానంలో నిలిచింది. ఎత్తుకోలేకపోవడం, పాలు పట్టలేకపోవడం, ఏడిస్తే ఊరడించలేకపోవడం.

ఒక్క నిమిషం ఆలోచించండి. తొమ్మిది నెలలు మోయాల్సిన బిడ్డ ఏడున్నర నెలలకే చేజారింది. ఇప్పుడు ఆ బిడ్డను వేరేవాళ్లు చూసుకుంటున్నారు. తల్లి తలుపు బయట కూర్చుని ఉంది. "అమ్మా, జరుగు, డాక్టర్ రౌండ్స్‌కొస్తున్నరు" అంటే లేచి పక్కకు జరుగుతుంది. తన బిడ్డ దగ్గరే తాను పరాయి మనిషి!

నెలలు నిండకుండా కన్న తల్లుల్లో తొలివారాల్లో 40 శాతం దాకా డిప్రెషన్ లక్షణాలు కనిపించినట్టు పరిశోధనలు చెబుతున్నాయి. నెలలు నిండి కన్న తల్లులకంటే ఇది చాలా ఎక్కువ. నిద్ర పట్టదు. పాలు తగ్గుతాయి. బిడ్డను ముట్టుకోవాలంటే భయం. కొందరికి "ఎట్లాగూ ఉండదేమో, ప్రేమ పెంచుకోవద్దు" అన్న ఆలోచన వస్తుంది. అలా అనిపించినందుకు మళ్లీ తనను తానే తిట్టుకుంటుంది. ఇది చెడ్డ తల్లి లక్షణం కాదు. దెబ్బతిన్న మనసు తనను తాను కాపాడుకునే తీరు అది.

మరి తండ్రి? అతని బాధ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సంతకాలు అతనే పెట్టాలి. రక్తం అతనే తేవాలి. మందుల చిట్టీ పట్టుకుని అతనే తిరగాలి. పని మానేస్తే కూలి పోతుంది, అప్పు చేయాలి. పరకాలలో భార్యకు "బాగనే ఉంది, ఫికర్ చెయ్యకు" అని చెప్పాలి. తాను మాత్రం దవాఖాన మెట్ల మీద టవల్‌తో మొహం తుడుచుకోవాలి. "మగోడివి, నువ్వే ఏడిస్తే ఎట్లరా?" అనేవాళ్లే తప్ప "అన్నం తిన్నవా?" అని అడిగేవాళ్లు తక్కువ.

తలుపు తెరిచిన దవాఖానలు

ఒకప్పుడు ప్రపంచమంతా ఇదే పద్ధతి. తల్లిదండ్రులు వస్తే ఇన్‌ఫెక్షన్ తెస్తారని బయటే ఉంచేవాళ్లు. ఆ తలుపు తెరుచుకున్న కథలో ఓ విచిత్రం ఉంది. ఎక్కువ డబ్బున్న చోట కాదు, కొరత ఉన్న చోటే మొదట తెరుచుకుంది.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఒక పెద్ద ప్రసూతి దవాఖాన. ఇంక్యుబేటర్లు చాలవు. ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు. అంటువ్యాధులు, మరణాలు. అక్కడి డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా ఒక పని చేశారు. పిల్లల్ని తల్లుల ఛాతీ మీదే, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచమన్నారు. తల్లి ఒంటి వేడే ఇంక్యుబేటర్. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోసినట్టు ఉంటుంది కాబట్టి దానికి 'కంగారూ మదర్ కేర్' అని పేరొచ్చింది.

ఆ మరుసటి ఏడాదే, 1979లో, ఎస్తోనియాలోని టాలిన్ నగరంలో ఇంకో డాక్టర్ అదిక్ లెవిన్‌కు నర్సుల కొరత వచ్చింది. ఆయన తల్లుల్నే వార్డులోకి పిలిచారు. సూదిమందులు, సెలైన్ లాంటివి నర్సులు చూసుకుంటారు, పాలు పట్టడం, గుడ్డలు మార్చడం, కనిపెట్టుకుని ఉండటం తల్లులు చూసుకుంటారు. పిల్లలు బాగా కోలుకున్నారు. ఆ పద్ధతిని చూసి కెనడాలోని టొరంటో డాక్టర్లు తమ దేశానికి తగ్గట్టు మార్చుకున్నారు. తర్వాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 26 యూనిట్లలో పరీక్షించి చూశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. తల్లిదండ్రులు రోజూ సంరక్షణలో పాల్గొన్నచోట పిల్లల బరువు బాగా పెరిగింది, తల్లిదండ్రుల ఆందోళన తగ్గింది.

మన దేశం సంగతి? ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో ఇదే పని చేసి చూశారు. చేతులు కడుక్కోవడం, గౌను వేసుకోవడం, బిడ్డను ముట్టుకోవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం... ఇవన్నీ కుటుంబసభ్యులకు వీడియోలతో, మాటలతో నేర్పి లోపలికి రానిచ్చారు. అందరూ భయపడ్డట్టు ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. ఇంటికి వెళ్లేముందు తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లల శాతం 67 నుంచి 80కి పెరిగింది. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్నే 'కుటుంబ భాగస్వామ్య సంరక్షణ' పేరుతో మార్గదర్శకాలుగా తెచ్చింది. ప్రభుత్వ దవాఖానల్లోని ఎస్‌ఎన్‌సీయూలు, అంటే నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు పాటించాల్సిన పద్ధతి అది.

కాబట్టి మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదే... బిడ్డ దగ్గరికి వెళ్లడం దయతో ఇచ్చే పర్మిషన్ కాదు. అది వైద్యంలో భాగం.

ఛాతీ మీద మందు

కంగారూ కేర్ బిడ్డకు మంచిదని చాలామంది వినే ఉంటారు. ఎంత మంచిదో చూడండి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు బిడ్డ స్థిమితపడ్డాక కంగారూ కేర్ ఇచ్చారు, ఇంకో గ్రూపుకు వెంటనే మొదలుపెట్టారు. మొదటి గ్రూపులో 28 రోజుల్లోపు 15.7 శాతం పిల్లలు చనిపోతే, వెంటనే మొదలుపెట్టిన గ్రూపులో 12 శాతం. అంటే ప్రతి నాలుగు మరణాల్లో ఒకటి ఆగింది. ఈ ఫలితం 2021లో వచ్చింది. 2022 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సుల్నే మార్చేసింది. ఊపిరి తీసుకోలేని, షాక్‌లో ఉన్న పిల్లలు తప్ప మిగతావాళ్లందరికీ పుట్టగానే కంగారూ కేర్ మొదలుపెట్టాలంది. రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా, ఎంతసేపు వీలైతే అంతసేపు.

దీంట్లో తల్లికేంటి లాభం? హర్యానా పల్లెల్లో జరిగిన ఒక పరిశోధన చూడండి. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల తల్లులకు ఇంటి దగ్గరే కంగారూ కేర్ నేర్పారు. నెల తిరిగేసరికి డిప్రెషన్ లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్లు నేర్పని గ్రూపులో 13.6 శాతం, నేర్పిన గ్రూపులో 10.8 శాతం. బిడ్డ ఒంటి వేడి తల్లి మనసుకూ మందే అన్నమాట. కారణం కష్టమైనదేం కాదు. "నేనేమీ చేయలేకపోతున్నా" అన్న బాధకు "నువ్వే చేయాలి, నీకంటే ఎవరూ బాగా చేయలేరు" అన్నదే మందు.

తల్లికి బాగాలేకపోతే? తండ్రి చేయొచ్చు. నానమ్మ, అమ్మమ్మ, మేనత్త చేయొచ్చు. షర్టు విప్పి, స్నానం చేసి, బిడ్డను ఛాతీకి నిలువుగా ఆనించి కట్టుకోవడమే. పరకాల నుంచి తల్లి వచ్చేదాకా వరంగల్‌లో ఉన్న నాన్నే మొదటి కంగారూ కావచ్చు. "మగవాళ్లు చేస్తరా ఇది?" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మంచి సాయం అంటే ఎలా ఉంటుంది?

మానసిక మద్దతు అనగానే ఏసీ గదిలో కౌన్సెలింగ్ గుర్తొస్తుంది. అది ఉంటే మంచిదే. కానీ చాలా కుటుంబాలకు కావలసింది అంతకంటే మామూలు సంగతులు.

మొదటిది, నిజం తెలియడం. రోజుకోసారి, వీలైతే ఒకే టైముకు, ఒకే మనిషి తెలుగులో అర్థమయ్యేలా చెప్పాలి. 'సీరియస్', 'స్టేబుల్' అనే రెండు మాటలతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. కాబట్టి మీరే అడగండి. ఈ రోజు బరువెంత? పాలు ఎన్ని ఎంఎల్ పడుతున్నారు, పైపుతోనా, చెంచాతోనా? ఊపిరి సొంతంగా తీసుకుంటోందా? మేం ఎప్పుడు ముట్టుకోవచ్చు? ఇంటికి పంపాలంటే ఇంకా ఏం రావాలి? చిన్న నోట్‌బుక్‌లోనో, ఫోన్ నోట్స్‌లోనో తేదీ వేసి రాసుకోండి. పది రోజుల తర్వాత వెనక్కి చూస్తే 20 గ్రాములు పెరిగిన రోజు కూడా పండగలా కనిపిస్తుంది. ఇంకోటి, పుట్టిన తొలిరోజుల్లో బరువు కాస్త తగ్గడం సహజం. కంగారు పడొద్దు.

రెండోది, చేతికి పని. తల్లిపాలు పిండి ఇవ్వడం అన్నిటికంటే పెద్ద పని. చుక్క ముర్రుపాలు కూడా ఆ బిడ్డకు టీకాలాంటిదే. పగలూ రాత్రీ కలిపి 8 సార్లకు తగ్గకుండా పిండుతూ ఉంటేనే పాలు నిలబడతాయి. "పాలు పడ్డయా, పడలేదా?" అని గుచ్చి గుచ్చి అడిగితే పాలు రావు. గ్లాసు మంచినీళ్లు, వేడన్నం, కాస్త నిద్ర, బిడ్డ పక్కన కూర్చునే అవకాశం... ఇవి ఇస్తే వస్తాయి. బాలింత అని చెప్పి కారం మెతుకులు, వట్టి అన్నం పెట్టే పథ్యాలు ఈ టైములో అసలే వద్దు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు అన్నీ పెట్టండి.

మూడోది, ఇదే దారి నడిచిన ఇంకో మనిషి. వార్డు బయట కూర్చున్న తల్లుల్లో ఒకామె బిడ్డ నెల కింద కిలో ఉండి, ఇప్పుడు కిలో ఎనిమిది వందలుంటుంది. ఆమె "మావోడు కూడ గిట్లనే ఉండె" అన్న ఒక్క మాట చేసే పని ఎంత పెద్ద డాక్టర్ మాటా చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సుల్లో కూడా ఇలా తోటి తల్లిదండ్రుల మద్దతు ఉండాలని రాసి ఉంది.

నాలుగోది, ముందే చెప్పి ఉంచడం. అమెరికాలో 260 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. బిడ్డ ఎలా కనిపిస్తుంది, ఎలా ప్రవర్తిస్తుంది, మీరేం చేయొచ్చు అని తల్లిదండ్రులకు మొదటి రోజుల నుంచే కొద్దికొద్దిగా రికార్డింగులు, వర్క్‌బుక్‌లతో నేర్పారు. తల్లుల ఆందోళన, డిప్రెషన్ తగ్గాయి. అంతేకాదు, పిల్లలు సగటున దాదాపు నాలుగు రోజులు ముందే ఇంటికెళ్లారు. 2006లో వచ్చిన ఫలితమిది. తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం ఖర్చు కాదు, ఖర్చు తగ్గించే పనే.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష

డిశ్చార్జ్ అంటే అందరికీ సంతోషం. తల్లికి మాత్రం సగం సంతోషం, సగం వణుకు. నిన్నటిదాకా మిషన్ చూసుకుంది, ఇవాళ్టి నుంచి తానే. రాత్రి నాలుగుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. ఇది కొన్నాళ్లు మామూలే.

ఇక్కడే ఆశా కార్యకర్త అక్కరకొస్తుంది. దవాఖానలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. బిడ్డను తూచాలి, వేడి చూడాలి, తల్లితో మాట్లాడాలి. తర్వాత మూడో నెల నుంచి 15 నెలల దాకా మూడు నెలలకోసారి రావాలి. కాబట్టి డిశ్చార్జ్ అయిన రోజే ఫోన్ చేసి "అక్కా, మేం ఇంటికొచ్చినం" అని చెప్పండి. దవాఖాన కాగితాలు ఆమెకు చూపించండి.

ఒక పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మరవొద్దు. 34 వారాలలోపు లేదా 2 కిలోలలోపు పుట్టిన పిల్లలకు కంటి రెటీనా పరీక్ష. పుట్టిన 30 రోజుల్లోపు చేయించాలి. 28 వారాలలోపు, లేదా 1,200 గ్రాములలోపు పుట్టినవాళ్లకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. ఈ జబ్బు బయటికి కనిపించదు. బిడ్డ చక్కగా కళ్లు తెరిచి చూస్తున్నట్టే ఉంటుంది. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. టైముకు పట్టుకుంటే వైద్యం ఉంది. ఆ తేదీని మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. తల్లిదండ్రులు మరిచిపోవచ్చు, మీరు మరవొద్దు.

బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, పక్కటెముకలు లోపలికి పోతున్నా, మూర్ఛ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా ఆగొద్దు. 108కి కొట్టండి. ఏడాదిలోపు జబ్బుపడ్డ పిల్లలకు ప్రభుత్వ దవాఖానలో వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితంగా ఇవ్వాలన్నది జననీ శిశు సురక్ష పథకం.

ఇంకో చిన్న లెక్క. రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డ ఎనిమిది నెలలకు కూర్చోకపోతే చుట్టాలు లెక్కలు తీస్తారు. "మా మనవడు ఆరు నెలలకే కూర్చున్నడు" అంటారు. నిజానికి ఆ బిడ్డ ఎదుగుదల వయసు ఆరు నెలలే. ఎంత ముందు పుట్టిందో అంత తీసేసి లెక్కపెట్టాలి. రెండేళ్ల దాకా డాక్టర్లు ఇలాగే చూస్తారు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే.

తల్లి సంగతి? కాన్పయ్యాక రెండు వారాల దాకా ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. అది దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా ఆమె నిద్రపోకపోతే, దేనిమీదా ఆశ లేకపోతే, "నేను లేకుంటెనే బాగుండు" అంటే... అది మొండితనం కాదు, గాలి కాదు, దిష్టి కాదు. వైద్యం ఉన్న జబ్బు. టెలీ మానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. తండ్రి కూడా చేయొచ్చు. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు, వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి.

బిడ్డ దక్కకపోతే...

రాయడానికి మనసొప్పదు కానీ రాయకపోతే ఈ కథనం సగమే. అందరు పిల్లలూ ఇంటికి రారు. అప్పుడు మన దగ్గర చేసే తప్పు ఒకటుంది. తల్లికి చూపించకుండానే అన్నీ ముగించేస్తారు. "చూస్తే తట్టుకోదు" అంటారు. తర్వాత ఆ పేరు ఎత్తరు. "పోనీలే, ఇంకోరు పుడతరు" అంటారు.

చూడాలా వద్దా అన్నది ఆ తల్లినే అడగాలి. ఒక్కసారి ఎత్తుకుంటానంటే ఇవ్వాలి. పేరు పెట్టుకుంటే ఆ పేరుతోనే పలకాలి. పాలు చేపుకొస్తుంటే ఏం చేయాలో నర్సును అడిగి చెప్పాలి. ఆరు రోజులు బతికినా ఆ బిడ్డ వాళ్ల బిడ్డే. ఇంకో బిడ్డ పుట్టినా ఈ బిడ్డ స్థానం ఈ బిడ్డదే.

ఇంతకీ మీరేం చేయాలి?

ఈ కథనం ఫోన్‌లో చదువుతున్నారు కదా. మీ అక్క, మీ ఫ్రెండ్ ఈ స్థితిలో ఉంటే ఆ ఫోన్‌తోనే సగం సాయం చేయొచ్చు.

'కంగ్రాట్స్' చెప్పండి. అవును, బిడ్డ పుట్టింది. 'అమ్మవయ్యావు' అన్న మాట ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

'ఎట్లుంది?' అని పదిమంది పది కాల్స్ చేయకుండా, ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకోండి. రోజూ సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. ఆ తండ్రి ఫోన్ కాస్త ఊపిరి తీసుకుంటుంది.

దవాఖాన ఒప్పుకుంటే బిడ్డ ఫొటో, చిన్న వీడియో పరకాలలో ఉన్న తల్లికి పంపండి. దాన్ని చూస్తూ పాలు పిండమనండి, పాలు తేలిగ్గా వస్తాయి. అయితే ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు. ఎవరికి చూపించాలన్నది తల్లిదండ్రుల ఇష్టం.

"ఏదైనా కావాలంటే చెప్పు" అనకండి. వాళ్లు చెప్పరు. "రేపు పొద్దున టిఫిన్ డబ్బా తెస్తున్న", "రాత్రి నేను ఉంట, నువ్వు పోయి పండుకో బావా" అని చెప్పండి. తల్లికి నడిచే ఓపిక రాగానే, డాక్టర్ సరేనంటే, ఆమెను బిడ్డ దగ్గరికి చేర్చే ఏర్పాటు చేయండి. పురుడు పోయేదాకా ఇల్లు కదలొద్దన్న మాటకంటే ఆ బిడ్డకు తల్లి ఛాతీ ముఖ్యం.

"ఎనిమిదో నెల", "బొప్పాయి", "గ్రహణం"... ఈ మాటలు ఆమె చెవిన పడకుండా మీరే అడ్డుకోండి.

నవంబర్ 17న ప్రపంచ ప్రీమెచ్యూరిటీ దినం. ఆ రోజు చాలా దేశాల్లో కట్టడాల మీద ఊదా రంగు దీపాలు వెలిగిస్తారు. మనం అంత చేయనక్కర్లేదు. బిడ్డ బాక్సులో ఉన్నన్నాళ్లూ అమ్మానాన్నలు తలుపు బయట కాకుండా ఆ బాక్సు పక్కనే ఉండేలా చూస్తే చాలు. వాళ్లిద్దరి వెనక మనం ఉంటే చాలు.

ఏదో ఒక రోజు ఆ అద్దాల మూత తెరుచుకుంటుంది. గుడెప్పాడ్ దాటి అదే దారిలో వెనక్కి వస్తుంటే తల్లి ఒళ్లో ఓ చిన్న మూట ఉంటుంది. అప్పుడు ఎవరైనా "పిల్ల ఎట్లుంది?" అని అడిగితే ఆ నాన్న చెప్పే జవాబు మారుతుంది. "కిలో ఎనిమిది వందలున్నది అన్నా. ఇంటికి తీస్కొస్తున్నం."